పీచ్ పిందెలు తుంచాల్సిందే!

ఏప్రిల్లో కాలిఫోర్నియాలోని కూతురింటికి వెళ్లిన గుంటూరు అత్తగారికి పెరట్లో ఓ విడ్డూరం కనిపిస్తుంది. విరగకాసిన పీచ్ చెట్టు కింద అల్లుడు బకెట్ పెట్టుకుని, ఉసిరికాయంత పిందెల్ని వరసపెట్టి తుంచేస్తుంటాడు. 'అయ్యో బాబూ, పిందెలు తుంపుతారా ఎవరైనా!' అని ఆవిడ ప్రాణం విలవిల్లాడుతుంది. గాలివానకి నాలుగు మామిడి పిందెలు రాలితేనే బెంగపడే ఇంటి మనిషి మరి!

కానీ అల్లుడు చేస్తున్నదే సరైన పని. మామిడి తన బరువు తనే చూసుకుంటుంది. అంత పూతలో నూటికి ఒక్కటి కాయగా నిలిస్తే గొప్ప. పీచ్‌కి ఆ లెక్క తెలీదు. కొన్ని రాల్చినా, మోయలేనన్ని మిగుల్చుకుంటుంది. జాలిపడి వదిలేశారా... టెంకే తప్ప గుజ్జులేని చిన్న కాయలు వస్తాయి. లేదంటే ఓ రోజు కొమ్మే ఫెళ్లున విరుగుతుంది. అందుకే ఆరు నుంచి ఎనిమిది అంగుళాలకి, అంటే జానెడుకి కాస్త తక్కువగా, ఒక్క పిందెనే ఉంచాలి. అదీ టెంక గట్టిపడకముందే. జంటగా అతుక్కున్నవీ, పురుగు కుట్టినవీ ముందు తీసేయాలి. మొదటిసారి చెయ్యి ఆడదు. కింద పడ్డవాటిని లెక్కపెట్టకపోవడమే మంచిది!

కత్తిరింపులోనూ ఇంతే నిర్దయ కావాలి. పీచ్ కాసేది నిరుడు పెరిగిన రెమ్మల మీదే. ఒకసారి కాసిన చోట మళ్లీ కాయదు. కాబట్టి చలికాలం చివర, మొగ్గ విచ్చుకోకముందే ఏటా సగం రెమ్మల దాకా తీసేసి, నడిమి భాగం గిన్నెలా ఖాళీగా ఉంచుతారు. ఎండ లోపలికి దిగుతుంది, కాయా చేతికందే ఎత్తులో ఉంటుంది. ఆకుముడతకి రాగి మందు చల్లాల్సిందీ ఆకులు రాలిన ఆ రోజుల్లోనే. వసంతంలో ఆకు ముడుచుకుని ఎర్రటి బొబ్బలెక్కాక చల్లి లాభం లేదు.

రకాన్నిబట్టి జూన్ నుంచి ఆగస్టు దాకా కోతలు. చాలామంది ఎర్రటి బుగ్గ చూసి మోసపోతారు. ఆ ఎరుపు ఎండ తగిలితే వచ్చేది. చూడాల్సింది తొడిమ దగ్గరి రంగు. అక్కడ పచ్చదనం పోయి పసుపు తిరగాలి (తెల్ల గుజ్జు రకాల్లో అయితే మీగడ రంగు). అరచేతిలోకి తీసుకుని మెల్లిగా మెలిపెడితే ఊడి రావాలి. వేళ్లతో నొక్కి చూశారో, అక్కడ మర్నాటికి నల్లగా కములుతుంది. అన్నీ ఒకేసారి పండవు. రెండుమూడు రోజులకోసారి చెట్టు చుట్టూ తిరగాల్సిందే, ఉడతల కంటే ముందు! తొందరపడి కోస్తే మెత్తబడుతుంది కానీ తీపి పెరగదు. గట్టి కాయని ఫ్రిజ్‌లో పెడితే పిండిపిండిగా మారుతుంది. మెత్తబడేదాకా బయటే ఉంచి, ఆ తర్వాతే ఫ్రిజ్‌లోకి.

ఆ రుచి మరిగాక అత్తగారు టెంకని కడిగి పెట్టెలో దాచబోతారు, గుంటూరులో నాటడానికి. పనవదు. టెంక మొలవాలంటేనే రెండుమూడు నెలల చలీ, తడీ కావాలి. చెట్టయ్యాక కూడా చాలా రకాలకి ఏటా ఏడు డిగ్రీల లోపు చలి వందల గంటలు తగలాలి, లేకపోతే సరిగా పూయదు. పంజాబ్ మైదానాల్లో కాసే ఫ్లోరిడా ప్రిన్స్‌కి కూడా 150 గంటలు కావాలి. గుంటూరు చలికాలంలో అంత చలి ఎక్కడిది!

టెంక పగలగొట్టి లోపలి పప్పు బాదంలా ఉందని పిల్లలు నోట్లో వేసుకోబోతారు. అది మాత్రం వద్దు. కడుపులోకి వెళ్లాక సైనైడ్‌గా మారే పదార్థం అందులో ఉంటుంది.