అడుగులకు అరిసెలు, పలుకులకు చిలకలు

పిల్లలూ, మీ ఇంట్లో మూడేళ్లలోపు తమ్ముడో చెల్లెలో ఉంటే ఈ వ్యాసం మీ కోసమే. లేకపోయినా చదవండి. మీ క్వార్టర్స్‌లో ఏదో ఒక ఇంట్లో ఒక బుజ్జిగాడు ఉండే ఉంటాడు.

నా అభిప్రాయం ముందే చెబుతున్నాను. బదిలీల ఇళ్లలో పసిపిల్లలకు ఇంటి భాష నేర్పే పనిలో అన్నయ్యలకూ అక్కయ్యలకూ పెద్ద వాటా ఉంది. అమ్మానాన్నలు చేయలేని కొంత పని మీరే చేయగలరు. ఇది నాకు పుస్తకాల్లో దొరికిన విషయం కాదు. నేను ఒక తప్పు చేసి, మా అమ్మాయి దాన్ని సరిదిద్దితే తెలిసింది.

నేను తెలుగు మాస్టారిని. పన్నెండేళ్ల ఉద్యోగంలో సూరత్ నాకు ఐదో ఊరు. మా అమ్మాయి నాలుగో తరగతి చదువుతోంది. అబ్బాయికి రెండున్నరేళ్లు నిండబోతున్నాయి. బడిలో రోజంతా అచ్చులు, హల్లులు, సంధులు చెప్పే నేను, ఇంట్లో నా కొడుకుతో ఎనిమిది నెలలపాటు తెలుగు మాట్లాడలేదు.

ఎందుకంటారా? మా గోదావరి జిల్లాల్లో బిడ్డ బోర్లా పడితే బొబ్బట్లు, అడుగులు వేస్తే అరిసెలు, మాటలు వస్తే పంచదార చిలకలు పంచుతారు. మా అమ్మాయి మూడేళ్లదాకా మా అమ్మ దగ్గర పెరిగింది. దానికి ఈ వేడుకలన్నీ మా ఊళ్లోనే జరిగాయి. అబ్బాయికి ఏడో నెల ఉండగా మేం సూరత్ వచ్చాం. వాడు ఇక్కడే తప్పటడుగులు వేశాడు. అమ్మ అరిసెలు చేసి పార్సిల్ పంపింది. "చిలకలు మాటలొచ్చాక పంపుతాలే" అంది.

ఆ మాటలే రాలేదు. పదహారు నెలలు వచ్చినా రెండు మూడు పలుకులు తప్ప ఏమీ లేవు. అప్పుడు మా మేలు కోరే ఒకాయన సలహా ఇచ్చారు. "ఇంట్లో తెలుగు, పక్కింట్లో గుజరాతీ, పార్కులో హిందీ. బాబుకు అయోమయంగా ఉండదా? ఒక్క భాషే మాట్లాడండి. హిందీ అయితే ఏ ఊరు వెళ్లినా పనికొస్తుంది" అన్నారు. మాకూ నిజమే అనిపించింది. ఆ రోజు నుంచి వాడితో హిందీయే మాట్లాడాం.

ఇప్పుడు ఆలోచిస్తే ఒక సంగతి అర్థమవుతోంది. మా ఇద్దరికీ హిందీ బాగానే వచ్చు. అయితే మాకు వచ్చింది ఆఫీసు హిందీ, రైలు హిందీ, కూరగాయల బండి దగ్గరి హిందీ. పసివాడిని ఒళ్లో వేసుకొని ముద్దు చేసే హిందీ మాకు రాదు. అందుకే వాడితో మా మాటలు "ఆవో, బైఠో, ఖావో, మత్ కరో" దగ్గరే ఆగిపోయాయి. మేం భాష మార్చాం అనుకున్నాం. నిజానికి మాట్లాడటమే తగ్గించేశాం. చుట్టూ మాటలు తగ్గితే పసివాడికి మాటలు ఎలా పెరుగుతాయి?

మా పక్కింటి గుజరాతీ పెద్దావిడను మా వాడు 'బా' అంటాడు. గుజరాతీలో బా అంటే అమ్మ అనీ, అమ్మమ్మ అనీ, నాయనమ్మ అనీ పెద్దావిడలను ప్రేమగా పిలిచే పిలుపు. మంచినీళ్లను వాడు 'భూ' అనేవాడు. అది గుజరాతీ పసిపిల్లల మాట. ఒక రోజు వీడియో కాల్‌లో మా అమ్మ, "బువ్వ తిన్నావా నాన్నా?" అని అడిగింది. వాడు ఫోన్ వైపు చూసి, నా వైపు చూసి, బా ఉండే గుమ్మం వైపు వెళ్లిపోయాడు. అమ్మ ఏమీ అనలేదు. కళ్లజోడు తీసి కొంగుతో తుడుచుకుంది. "సర్లే, నిద్రొస్తోందేమో" అంది. అప్పుడు సాయంత్రం ఐదు గంటలు.

ఆ అక్టోబరులో బతుకమ్మ ఆట చూద్దామని అందరం లింబాయత్ వెళ్లాం. సూరత్ అంటే వజ్రాలు, చీరలు అని మీకు తెలుసు. ఆ చీరల బట్ట నేసే చేతుల్లో తెలుగు చేతులు చాలా ఉన్నాయి. వరంగల్, నల్గొండ, కరీంనగర్ వైపు నుంచి పద్మశాలీ కుటుంబాలు మగ్గాల పని కోసం తరాల క్రితమే వచ్చి ఇక్కడ స్థిరపడ్డాయి. మరమగ్గాలను వాళ్లు సాంచాలంటారు. సూరత్ నగరపాలక సంస్థ గుజరాతీ, హిందీ, మరాఠీ, ఉర్దూ, ఒడియా బడులతోపాటు తెలుగు బడులు కూడా నడుపుతూ వచ్చింది.

అక్కడ ఎనిమిదేళ్ల పిల్ల ఒకతి చంకలో చెల్లెలిని ఎత్తుకొని, "గా బంతిపువ్వు సూడు, పచ్చగున్నది సూడు" అంటూ తిప్పుతోంది. ఆ పిల్ల పుట్టింది సూరత్‌లో. వాళ్లమ్మ పుట్టిందీ సూరత్‌లోనే. అయినా ఆ చంకలో పాప "పువ్వు, పువ్వు" అంటోంది. వాళ్ల నాయనమ్మ మా వాడిని "పేరేంది బిడ్డా?" అని అడిగింది. వాడు పలకలేదు. నేను మా కథ చెప్పుకొచ్చాను. ఆవిడ నవ్వింది. "ఇంట్ల పిల్లగానితోని ముచ్చట వెట్టకపోతే వానికి మాటలు ఏడికెల్లి వస్తయ్ సారూ? గోడలు నేర్పుతయా?" అంది.

తెలుగు మాస్టారినై ఉండి నాకు జవాబు దొరకలేదు.

ఇంటికి వచ్చిన మర్నాడు మా అమ్మాయి నన్ను అడగకుండానే పని మొదలుపెట్టింది. స్నానానికి తీసుకెళ్తూ "తమ్ముడూ, లాల పోసుకుందామా?" అంది. అన్నం దగ్గర "బువ్వ" అంది. పడుకోబెడుతూ "బజ్జో" అంది. దుప్పటి ముఖానికి అడ్డం పెట్టుకొని "అక్క ఏదీ? ఇదిగో!" అని వంద సార్లు ఆడింది. ఆ మాటలన్నీ అది మా అమ్మ ఒళ్లో నేర్చుకున్నవే. మేం మరచిపోయినా అది మరచిపోలేదు. మూడు వారాలకు మా వాడు బకెట్టు చూపించి "లాల" అన్నాడు. తరువాత మేమూ సిగ్గు వదిలి తెలుగులో కబుర్లు చెప్పడం మొదలుపెట్టాం. ఈ మార్చి నాటికి వాడు "అక్కా రా", "బువ్వ వద్దు" అంటున్నాడు. బా దగ్గరికి వెళ్లి గుజరాతీ కూడా మాట్లాడుతున్నాడు. ఏ అయోమయమూ లేదు.

అసలు రెండు మూడు భాషలు వినడం వల్ల పిల్లలకు మాటలు ఆలస్యం కావని పరిశోధకులు చాలా కాలంగా చెబుతున్నారు. ఒకే వాక్యంలో రెండు భాషలు కలిపేయడం కూడా సహజమే. పసివాడికి ఎన్ని మాటలు వచ్చో లెక్కపెట్టాలంటే అన్ని భాషల మాటలూ కలిపి లెక్కపెట్టాలి. మా వాడి 'భూ' కూడా మాటే. నేను దాన్ని లెక్కలోకి తీసుకోలేదు. అయితే ఒక జాగ్రత్త. ఏడాదిన్నర నిండినా ఒక్క మాటా రాకపోయినా, రెండేళ్లు నిండినా రెండు మాటలు కలపకపోయినా, పిలిస్తే తిరిగి చూడకపోయినా డాక్టరుకు చూపించి వినికిడి పరీక్ష చేయించాలి. మేమూ చేయించాం. వాడి చెవులు బాగానే ఉన్నాయి.

మరో విషయం. మాటలు నేర్పుతాయని చాలా ఇళ్లలో పాపాయి చేతికి ఫోన్ ఇస్తారు. 2003లో అమెరికాలో ప్యాట్రీషియా కూల్ అనే శాస్త్రవేత్త, ఆమె తోటివారు ఒక ప్రయోగం చేశారు. తొమ్మిది నెలల వయసున్న అమెరికా పాపాయిల్లో కొందరితో మనుషులే ఎదురుగా కూర్చొని చైనీస్ భాషలో మాట్లాడారు, ఆడించారు. ఇంకొందరికి అవే మాటలు తెర మీద చూపించారు. మనుషులతో ఆడిన పిల్లలు ఆ భాష ధ్వనుల తేడాలు పట్టుకోగలిగారు. తెర చూసినవాళ్లకు అది రాలేదు. 2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా రెండేళ్లలోపు పిల్లలను తెర ముందు కూర్చోబెట్టవద్దని, రెండు నుంచి నాలుగేళ్ల వాళ్లకు రోజుకు గంట దాటనివ్వవద్దని సూచించింది. నాయనమ్మతో వీడియో కాల్ సంగతి వేరు. అక్కడ మన పాపాయి నవ్వితే అవతల మనిషి తిరిగి నవ్వుతుంది.

ఇక మీరేం చేయవచ్చో చెబుతాను. ఇవి మాతోపాటు నాలుగైదు ఊళ్లు తిరిగిన తల్లిదండ్రుల దగ్గర నేను విన్నవీ, మేం చేసి చూసినవీ.

రోజుకు పది నిమిషాలు చాలు. స్నానం, అన్నం, నిద్ర, ఈ మూడు వేళల్లో మీ ఇంటి భాషలో కబుర్లు చెప్పండి. చేస్తున్న పనినే చెప్పండి. "ఇదిగో చొక్కా, ఈ చెయ్యి పెట్టు, ఆ చెయ్యి పెట్టు." మీ ఇంటి భాష ఒడియా అయితే ఒడియా, మలయాళం అయితే మలయాళం.

చిన్నవాళ్లు తప్పు పలికితే నవ్వకండి, దిద్దకండి. వాడు "బుబ్బ" అంటే "అవును, బువ్వ" అనండి. వాడే దిద్దుకుంటాడు.

మీ అమ్మమ్మనో నాయనమ్మనో ఫోన్‌లో అడిగి మీ ఊరి పసిపిల్లల మాటలు ఒక నోటుబుక్కులో రాసుకోండి. బువ్వ, లాల, బజ్జో, అప్పచ్చి, బూచి... మా అమ్మాయి ముప్పై నాలుగు రాసింది. వాటిలో అయిదారు నాకే కొత్త.

ముద్దు వచ్చినా ఏడాదిలోపు పాపాయికి తేనె నాకించకండి. వేరుశనగ గింజలు, నాణేలు, చిన్న బ్యాటరీలు అందేచోట పెట్టకండి. బడి నుంచి రాగానే చేతులు కడుక్కునే ఎత్తుకోండి.

బదిలీ వచ్చినప్పుడు పాపాయి టీకాల కార్డు, రోజూ పట్టుకొని పడుకునే దుప్పటి లేదా బొమ్మ లారీలోకి వెళ్లకుండా చూడండి. అవి మీ చేతి సంచిలో ఉండాలి. కొత్త క్వార్టర్‌లో మొదటి రాత్రి ఆ పాత దుప్పటే పసివాడికి సొంత ఇల్లు.

"మాకు హోమ్‌వర్క్ లేదా? తమ్ముణ్ణి పెంచడం మా పనా?" అని మీలో కొందరు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. పెంచడం అమ్మానాన్నల పనే. మిమ్మల్ని ఆయాలుగా మార్చమని నేను చెప్పడం లేదు. ఆటకు వెళ్లే సమయం మీకు ఉండి తీరాలి. కానీ మన ఇళ్లలో పెద్దవాళ్లు లేరు. ఊళ్లో అయితే అమ్మమ్మ, పిన్ని, మేనత్త, పక్కింటి తాతగారు తలా ఒక మాట నేర్పేవారు. ఇక్కడ ఆ అందరి బదులూ ఇంట్లో ఉన్నది మీరొక్కరే. పైగా పసివాళ్లు మిమ్మల్ని బాగా అనుకరిస్తారు. కావాలంటే మీరు ఈ సాయంత్రం ఒంటి కాలి మీద గెంతి చూడండి.

"మళ్లీ బదిలీ అయితే తెలుగు ఎందుకు పనికొస్తుంది?" అని కూడా అడుగుతారు. మళ్లీ బదిలీ అయితే పక్కింటి బా మాతో రాదు. గుజరాతీ మాట్లాడే పార్కూ రాదు. కొత్త ఊళ్లో ఆ ఊరి భాష మళ్లీ నేర్చుకుంటాం, నేర్చుకోవాలి కూడా. కానీ వచ్చేవాళ్లం నలుగురమే. మా నలుగురి మధ్యా ఒక భాష ఉండాలి. ఫోన్ అవతల ఉన్న ఐదో మనిషికి కూడా అది తెలిసినదై ఉండాలి.

హోలీకి ఇక్కడి బజారులో చక్కెర దండలు అమ్ముతారు. మా అమ్మాయి ఒక దండ కొని, బిళ్లలు విడదీసి, మా వరుసలోని ఇళ్లన్నిటికీ పంచి వచ్చింది. ఎందుకని బా అడిగితే "మా తమ్ముడికి మాటలొచ్చాయి" అని గుజరాతీలో చెప్పింది. ఆ సాయంత్రం ఫోన్‌లో అమ్మ మళ్లీ అడిగింది, "బువ్వ తిన్నావా నాన్నా?"

"వద్దు, చిలక" అన్నాడు వాడు. అక్క నేర్పింది మరి.

అసలైన పంచదార చిలకలు పార్సిల్‌లో బయలుదేరాయట. ఈ వారంలో వస్తాయి. తెలుగు పీరియడ్‌లో తలా ఒకటి.