పిల్లల రక్తంలో సీసం

ఒకే వూళ్ళో వందలమంది ఒక్కసారిగా పడిపోతే అది వార్త అవుతుంది. 2020 డిసెంబరులో ఏలూరులో అదే జరిగింది. ఆరు వందలమందికి పైగా మూర్ఛలు, వాంతులతో ఆసుపత్రి పాలయ్యారు. ఎయిమ్స్ పరీక్షలలో రోగుల రక్తంలో సీసం, నికెల్ బయటపడినవి. పురుగుమందుల మీద కూడా అనుమానం వచ్చింది. కారణం ఏదైనా, అంతమంది పడిపోయారు గనుకనే రక్తం పరీక్షించారు. సీసం సాధారణంగా అలా పడగొట్టదు. కొద్దికొద్దిగా ఒంట్లో చేరి పిల్లల బుద్ధిని మందగింపజేస్తుంది. అప్పుడు వార్త రాదు. బడిలో 'మొద్దు' అన్న పేరు మాత్రం వస్తుంది.

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు జిల్లాలకు ఇది దూరపు ముచ్చట కాదు. ట్రాక్టరు, ఆటో, ఇన్వర్టరు బ్యాటరీలు అంతటా వున్నవే. పాత బ్యాటరీలు పగులగొట్టి పలకలు కరిగించే చోట మట్టిలో, గాలిలో సీసం చేరుతుంది. ఆ పనిచేసే తండ్రి బట్టలతో ఇంటికీ వస్తుంది. ఇంటి రంగులలో సీసం పది లక్షల పాళ్ళకు 90 పాళ్ళు మించరాదన్న నిబంధన 2017 నవంబరులో అమలులోకి వచ్చింది. అంతకుముందు వేసిన రంగులు పాత తలుపుల మీద ఇంకా వున్నవి. పండుగకు ముందు వాటిని గీకితే లేచే దుమ్ము పసిపిల్లల నోటికి చేరుతుంది. సీసం కలిసిన కళాయి, కొన్ని రకాల సుర్మా కూడా ప్రమాదమే. పసిపిల్లలు పెద్దలకంటె నాలుగైదు రెట్లు ఎక్కువగా సీసాన్ని ఒంటికి పట్టించుకుంటారు.

చట్టాలు లేకపోలేదు. ఇళ్ళ మధ్య ఇటువంటి పని సాగుతుంటే ఆర్.డి.ఓ.కు అర్జీ పెట్టవచ్చు. భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 152వ సెక్షను కింద దానిని ఆపించే అధికారం ఆయనకు కలదు. కాలుష్య నియంత్రణ మండలికీ ఫిర్యాదు చేయాలి. నష్టపరిహారానికి అయిదేళ్ళలోగా జాతీయ హరిత ట్రిబ్యునల్‌కు వెళ్ళవచ్చు. కొన్న వస్తువు వల్ల హాని జరిగితే రెండేళ్ళలోగా జిల్లా వినియోగదారుల కమిషన్ వున్నది. 1987 చట్టం ప్రకారం స్త్రీలకు, పిల్లలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా వకీలు ఉచితం. 15100కు ఫోను చేసినా, జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్ళినా చాలు.

అయితే కోర్టు ముందు నిలిచేది కన్నీరు కాదు, కాగితం. తేదీతో కూడిన రక్త పరీక్ష నివేదిక, డాక్టరు చీటీ, కొన్న రసీదు, ఫోటోలు, ఇచ్చిన అర్జీ నకలు భద్రపరచాలి. నూరు మిల్లీలీటర్ల రక్తంలో 5 మైక్రోగ్రాములు, అంతకుమించి సీసం వుంటే అది ఎక్కడినుంచి వస్తున్నదో కనుగొని ఆపాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో చెప్పింది. అసలు హాని చేయని మోతాదంటూ ఏదీ లేదు.

పరీక్షే లేకపోతే ఈ హక్కులన్నీ కాగితం మీది హక్కులే. వనపర్తి, నాగర్‌కర్నూలులో 2022లో, గద్వాలలో 2024లో ప్రభుత్వ వైద్య కళాశాలలు ప్రారంభమైనవి. బ్యాటరీ పనుల చెంత నివసించే పిల్లలకు అక్కడ ఉచితంగా సీసం పరీక్ష జరిపే ఏర్పాటు అధికారులు తక్షణం చేయాలి. పాత బ్యాటరీలు నమోదైన సంస్థలకే చేరుతున్నవో లేదో తనిఖీ చేయాలి. మెదడుకు ఒకసారి జరిగిన హానిని ఏ పరిహారమూ తిరిగి పూడ్చలేదు. ఏలూరులో వలె వందలమంది పడిపోయేదాకా ఆగనవసరం లేదు.