మందులకు లొంగని రక్తపుపోటు



నాగార్జునసాగరపు బాటలోని తుర్కయంజాల్‌లో మా పొరుగున నున్న యొక పెద్దమ్మగారు ఇటీవల తన బంగారు గాజుల నమ్ముటకు సిద్ధపడిరి. మూడు విధములైన మాత్రలు వాడుచున్నను ఆమెకు రక్తపుపోటు తగ్గలేదు. మెడలోని నరమునకు విద్యుచ్ఛక్తి నిచ్చి యీ వ్యాధిని కుదుర్తురని యెవరివలననో వినిరి. ఆ చికిత్స యెట్టిదో, దాని నెంతవరకు నమ్మవచ్చునో తెలిసికొందము.

మెడకు రెండు ప్రక్కల మెదడునకు రక్తమును గొనిపోవు ధమనులు కలవు. అవి చీలుచోట పోటును కనిపెట్టుచుండు నరముల కొనలున్నవి. పోటు హెచ్చినప్పుడు అవి మెదడునకు వార్త నంపును. మెదడు గుండె వేగమును తగ్గించి, రక్తనాళములను సడలించును. ఆ చోట చిన్న తీగ నమర్చి, రొమ్ముచర్మము క్రింద నుంచిన యంత్రముచే నరమును ప్రేరేపించుటయే యీ చికిత్స. 2011లో ప్రకటింపబడిన 265 మంది రోగుల పరీక్షలో పలువురికి పోటు తగ్గినను, ముందుగా నేర్పరచుకొనిన లక్ష్యము లన్నియు నెరవేరలేదు. శస్త్రచికిత్సవలని చిక్కులును కనబడినవి. మూత్రపిండముల నరములను వేడిచే నణచు వేరొక పద్ధతికి అమెరికాలో 2023లో అనుమతి లభించినది. దానివలన పోటు కొంత తగ్గునే కాని, సాధారణముగా మాత్రలు మానుటకు వీలుండదు.

కావున పోటు నిజముగా మందులకు లొంగలేదా యని మొదట విచారింపవలెను. మూత్రమును హెచ్చుగా వెడలించు మందుతో కూడ మూడు ఔషధములను తగిన మోతాదులో క్రమముగా వాడినను 140/90 కంటె దిగనప్పుడే వైద్యులు సాధారణముగా ఆ మాట యందురు.

మా పెద్దమ్మగారు ఏకాదశికిని, శనివారమునకును ఉపవాసమని మాత్రలు మానెడివారు. మోకాళ్ల నొప్పికి అంగడిలో కొనిన మాత్రలు ప్రతిదినము మ్రింగెడివారు. అట్టివానిలో పెక్కులు పోటును హెచ్చించి, పోటుమందుల పనిని చెఱచును. ఆవకాయ లేనిదే ముద్ద దిగదు. దినమునకు ఉప్పు 5 గ్రాములలోపుగా నుండవలెనని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. ఈ సంగతులు దాచక చెప్పిన పిమ్మట వైద్యుడు నొప్పిమాత్రను మాన్పించి, మందులకు వేళ లేర్పరచెను. రెండు నెలలలో పోటు దిగినది. గాజులు చేతికే నిలిచినవి.

అందరికి నిట్లే జరుగునని చెప్పజాలను. నిద్రలో ఊపిరి యాగుచుండు గురక, మూత్రపిండముల వ్యాధి, గ్రంథుల దోషము మున్నగునవియు కారణములు కావచ్చును. వానిని వైద్యులే కనిపెట్టవలెను. అయినను ఇంటిల్లిపాదికిని వేళకు మందిచ్చి, తన మాత్రను మరచు గృహిణులు మనలో నెందరో కలరు. వారు నేటి రాత్రియే తమ మందుల డబ్బీని తెరచి చూచుకొందురుగాక.