కొలత లేని మరమ్మతు

పదునైదేండ్లు పైబడిన మోటారుసైకిలు మన పల్లెలలో పాలు పోయువానికి, పొలమునకు పోవు రైతునకు, సంతలు తిరుగు చిల్లర వర్తకునకు నేటికిని జీవనాధారమై యున్నది. అట్టి బండి ఒకనాటి ఉదయమున హారన్ మూగవోయి, ఇండికేటర్లు మినుకుమినుకుమని ఆగిపోయి, సెల్ఫ్ నొక్కినచో టక్కుమను చప్పుడు తప్ప మరేమియు వినిపింపనప్పుడు, యజమాని నోటను మెకానిక్ నోటను వెలువడు తీర్పు ఒక్కటే: బ్యాటరీ పోయినది. కొత్త బ్యాటరీ వచ్చును. కొన్ని వారములు అంతయు సవ్యముగా జరుగును. పిమ్మట అదే వ్యాధి తిరుగబెట్టును. పరీక్ష లేని ఈ తీర్పు యజమాని ధనమునకును, మెకానిక్ విద్యకును, మనము నివసించు నేలకును ఒక్కమారే హాని చేయుచున్నదని నా దృఢాభిప్రాయము.

1831లో మైకేల్ ఫెరడే కనుగొనిన విద్యుత్ప్రేరణ సూత్రమే ప్రతి బండి ఇంజనులోను నేటికిని పనిచేయుచున్నది. ఇంజనుతో కూడ తిరుగు మాగ్నెట్టు, కాయిల్ ప్లేటు మీది రాగితీగ చుట్టలలో ఏకాంతర విద్యుత్తును పుట్టించును. రెక్టిఫయర్ దానిని ఏకముఖ ప్రవాహముగా మార్చును. రెగ్యులేటర్ దాని ఉద్ధృతిని హద్దులో నుంచును. 1859లో గాస్టన్ ప్లాంటే నిర్మించిన సీసపు ఘటమునకు సంతతియైన బ్యాటరీ, వచ్చినదానిని దాచి, అడిగినపుడు ఇచ్చును. ఈ వరుసలో బ్యాటరీ కడపటిది. పైనుండి రావలసినది రానప్పుడు బ్యాటరీని మార్చుట, వాగు దారి తప్పిన చెరువునకు గట్టు కొత్తగా పోయించుట వంటిది.

బండి బండికిని ఏర్పాటు వేరు. యమహా ఆర్‌ఎక్స్ 100 వంటి పాత బండ్లలో నిప్పురవ్వకు కావలసిన శక్తియు, హెడ్‌లైటు శక్తియు నేరుగా మాగ్నెట్టు కాయిళ్ల నుండియే వచ్చును గనుక, బ్యాటరీ పూర్తిగా చచ్చినను బండి కిక్కుతో లేచును, ఆక్సిలరేటరు తిప్పినకొలది హెడ్‌లైటు ప్రకాశించును. దానిని చూచి చార్జింగు బాగున్నదని తలచుట భ్రమ. పాయింట్లు గల పాత 12 వోల్టుల బుల్లెట్టులో రవ్వకు బ్యాటరీయే ఆధారము; అందుకే దాని హెడ్‌లైటు తలమీద, విద్యుత్తు వచ్చుచున్నదో పోవుచున్నదో రౌతునకు చూపు ఆమీటరు నమర్చిరి. మైసూరులో తయారైన తొలినాటి జావా, యెజ్డీలలో కార్బన్ బ్రష్షులతో నడచు 6 వోల్టుల డైనమో ఉండెడిది. ఏ బండి ఏ జాతిదో తెలియక చేయు చికిత్స చీకటిలో విసరిన రాయియే.

అట్లని పరీక్ష దుర్లభమైనది కాదు. కొన్ని వందల రూపాయల మల్టీమీటర్ చాలును. నిండుగా చార్జి చేసి కొన్ని గంటలు కదపక ఉంచిన 12 వోల్టుల బ్యాటరీ కొనల వద్ద ఇంచుమించు 12.6 వోల్టులు కనబడవలెను. అది నిలువక పడిపోయినచో అప్పుడు బ్యాటరీని అనుమానించుట న్యాయము. బ్యాటరీ బాగున్నచో ఇంజను నడిపి వేగము పెంచవలెను. అంకె 13.5కును 14.5కును నడుమ నిలిచినచో చార్జింగు సక్రమము. అంకె కదలకున్నచో విద్యుత్తు చేరుటలేదు. 15 దాటి పైకి పోయినచో రెగ్యులేటర్ అదుపు తప్పినది, అదియే బ్యాటరీ నీటిని ఆవిరి చేయుచు, బల్బులను మాడ్చుచున్నది. విద్యుత్తు చేరనప్పుడు మొదట చూడవలసినది తుప్పు పట్టిన ఎర్త్ బోల్టును, వేడికి నల్లబడిన కప్లరును, చర్మము లేచిన వైరును. పాత బండ్లలో దోషము తరచుగా దాగునది ఇచ్చటనే. తరువాత కాయిల్ ప్లేటు కప్లరు విడదీసి, మీటరును ఏ.సి.కి తిప్పి కొలిచినచో, ఇంజను వేగముతోపాటు వోల్టులు పెరుగవలెను. పెరిగినచో కాయిలు నిర్దోషి. వైర్లును బాగున్న పక్షమున నేరము రెగ్యులేటరుదే. కాయిలు ఎర్త్‌కు తగిలియున్నదని కంగారుపడి పారవేయరాదు. చిన్న బండ్లు పెక్కింటిలో కాయిలు ఒక కొన ఎర్త్‌కు కలిపియే యుండును. తాళపుచెవి తీసి రాత్రి నిలిపిన బండిలో తెల్లవారునప్పటికి బ్యాటరీ దిగినచో, లోపల చెడిన రెక్టిఫయర్ గుండ విద్యుత్తు వెనుకకు కారుచున్నదేమోయని కూడ చూడవలెను.

ఇంత సులభమైన పరీక్ష ఏల జరుగుటలేదు? మెకానిక్కులు అజ్ఞానులని నిందించుట అన్యాయము. గ్రీజు చేతులతో దినమంతయు శ్రమించు ఆ మనుష్యుడు అరగంట కూర్చుండి, వైరు వెంట వైరు పట్టి, తుప్పు పట్టిన ఒక్క బోల్టును గీకి బిగించి బండిని బాగుచేసినచో, 'ఏమి మార్చినావని ఇంత అడుగుచున్నావు?' అని మనమే బేరమాడుదుము. అదే మనిషి కొత్త బ్యాటరీ పెట్టి దాని వెల చెప్పినచో మారు పలుకక చెల్లింతుము. వస్తువునకు విలువ యిచ్చి విచారణకు విలువ నీయని సమాజములో విచారణ నశించుట సహజము. ఈ దోషములో సింహభాగము మనది.

దీని ఫలము మన జేబుతో ఆగదు. బ్యాటరీ బరువులో అధికభాగము సీసమే. పాత బ్యాటరీలను పెరళ్లలో పగులగొట్టి కరగించు చోట్ల సీసపు పొగయు, ఆమ్లమును గాలిలోను నీటిలోను కలిసి, పసిపిల్లల మెదడు ఎదుగుదలకే ముప్పు తెచ్చును. పాత బ్యాటరీలను సేకరించి శాస్త్రీయముగా శుద్ధి చేయించు బాధ్యతను 2022 నాటి బ్యాటరీ వ్యర్థముల నియమావళి ఉత్పత్తిదారులపై మోపినది; కాని ఆయువు తీరని బ్యాటరీని అకారణముగా పారవేయకుండుటకు ఏ చట్టమును మెకానిక్ మీటరుతో సమానము కాజాలదు.

కావున నేను కోరునవి మూడు. మెకానిక్కులు తాము కొలిచిన వోల్టులను, బండి నిలిచియున్నప్పటివియు నడచుచున్నప్పటివియు, రశీదుమీద వ్రాసి యజమాని చేతికీయవలెను. ఐ.టి.ఐ.లలో భాగములు విప్పి బిగించుటతోపాటు, దోషమును వెదకి పట్టుటయు పరీక్షలో ఒక ముఖ్యాంశము కావలెను. తయారీదారులు తమ పాత బండ్ల వైరింగు పటములను, కొలతలను తెలుగులో సులభమైన వెలకు లభింపజేయవలెను. యజమానులమైన మన వంతు వీటికంటె ముందు నెరవేరవలసినది: ఈసారి షెడ్డుకు పోయినపుడు 'ముందు కొలిచి చెప్పుము, కొలిచినందుకు కూలి యిత్తును' అని నోరు తెరచి అడుగుదము. ఆ కూలి దొరకునని తెలిసిననాడు కొలుచు చేతులకు మన ఊళ్లలో కొరవ యుండదు.