మందు రాసేటప్పుడే ధర చెప్పాలి

సంతకు పోతే వంకాయలు కిలో ఎంత అని అడుగుతాం. దూడను కొనాలంటే పళ్లు పట్టి చూసి, నలుగురితో బేరమాడించి గానీ రూపాయి తీయం. ధర అడక్కుండా, బేరమాడకుండా, అసలు ఏం కొంటున్నామో తెలియకుండా కొనే సరుకు ఒక్కటే వుంది. అది మందు. రాసేది ఒకరు, అమ్మేది ఇంకొకరు, డబ్బు కట్టేది మాత్రం కూలోడు. ఎంతవుతుందన్న సంగతి అతనికి ఎప్పుడు తెలుస్తుంది? డాక్టరు గది దాటి, ఫీజు కట్టి, షాపు ముందు నిలబడి, షాపతను లెక్కవేసి చెప్పినప్పుడు తెలుస్తుంది. అప్పటికి అడగడానికి డాక్టరు ఎదురుగా వుండడు. లోపల మరో ఇరవై మంది వరసలో వుంటారు.

అక్కడ ఏం జరుగుతుందో మన కార్యకర్తలకు చెప్పనక్కరలేదు. జేబులో వున్నది మూడొందలు. బిల్లు ఏడొందలు. 2025-26 సంవత్సరానికి మన రెండు రాష్ట్రాల్లో ఉపాధి హామీకి ప్రభుత్వం కట్టిన కూలి రోజుకు 307 రూపాయలు. అంటే ఏడొందల బిల్లు రెండు రోజుల కూలిని దాటిపోయింది. పని పోయిన రోజు, బస్సు ఖర్చు, డాక్టరు ఫీజు దీనికి అదనం. ‘‘అన్నా, సగానికి కొట్టియ్యి’’, ‘‘రెండు రోజులకియ్యి చాలు’’ అంటాడు. షాపతను ఏది తీసేయాలో తనే నిర్ణయిస్తాడు. చాలాసార్లు ఖరీదు ఎక్కువున్నదే తీసేస్తాడు. అది జబ్బును కుదిర్చే అసలు మందు కావచ్చు. చీటీలో మిగిలిన బలం బిళ్ళ, గ్యాసు బిళ్ళ మాత్రం సంచిలో పడతాయి. ఐదు రోజులు మింగాల్సిన యాంటీబయాటిక్ రెండు రోజులతో ఆగిపోతుంది. జ్వరం తగ్గినట్టే తగ్గి తిరగబెడుతుంది. ఈసారి ఆ మందు పనిచేయకపోనూవచ్చు. బీపీ బిళ్ళ సంగతి ఇంకా ఘోరం. నెల మందు కొనలేక మానేసిన మనిషికి నొప్పేమీ తెలియదు. బాగానే వున్నాననుకుంటాడు. ఒకనాడు చేనులోనే పక్షవాతం వచ్చి పడిపోతాడు. ‘‘మందు సరిగా వాడలేదు, చదువు లేనివాళ్ళు’’ అని అప్పుడు నింద. సరిగా వాడాలంటే ఎంతవుతుందో ముందు చెప్పినవాడెవడు?

ఏ మందు తప్పనిసరి, ఏది లేకపోయినా పరవాలేదు, ఏ ఖరీదైన మందుకు బదులు చవక మందు సరిపోతుంది అన్న తెలివిడి డాక్టరు దగ్గర వుంది. డబ్బు ఎంతుందన్నది రోగికే తెలుసు. ఈ రెండూ కలిసేది డాక్టరు గదిలో మందు రాసే ఆ రెండు నిమిషాల్లోనే. అప్పుడు ధర మాట రాకపోతే తరవాత వచ్చి లాభం లేదు. అందుకే ‘‘షాపులో అడగండి’’, ‘‘ఫోనులో చూసుకోండి’’ అన్న సలహాలు మన జనానికి సగమే పనికొస్తాయి. మందుల ధరల నియంత్రణ సంస్థ 2016లో ఫార్మా సహీ దామ్ అని ఒక ఫోను సాధనం పెట్టింది. మంచిదే. చదువుకున్న పిల్లవాడు ఇంట్లో వుంటే దానిలో ధర చూడవచ్చు. కానీ చీటీ రాసేసిన తరవాత చూసి ఏం చేస్తాం?

చాలామంది డాక్టర్లకే తాము రాసే మందు ఖరీదు తెలియదన్నది మరో చేదు నిజం. వైద్య కళాశాలలో మందు గుణం చెబుతారు, మోతాదు చెబుతారు, ధర చెప్పరు. బ్యాగు పట్టుకుని వచ్చే కంపెనీ ప్రతినిధి ధర ఎందుకు చెబుతాడు? అతను తెచ్చేది శాంపిలూ, కానుకానూ. ఆ కానుకల డబ్బు ఎక్కడినుంచి వస్తుందో 2022 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టే ఎపెక్స్ లేబొరేటరీస్ కేసులో తేల్చింది. డాక్టర్లకు ఇచ్చే తాయిలాల ఖర్చు మందు ధరలో కలిసి చివరికి రోగి నెత్తినే పడుతుందని చెప్పి, ఆ ఖర్చుకు ఆదాయపు పన్ను మినహాయింపు కుదరదన్నది. అమెరికాలో డాక్టరు కంప్యూటరులో మందు రాస్తుండగానే రోగి ఎంత కట్టాలో తెర మీద కనబడే ఏర్పాటు వుండాలని, మెడికేర్ మందుల పథకాలకు 2021 నుంచి నిబంధన పెట్టారు. మందుల ధరలు ఆకాశంలో వుండే ఆ పెట్టుబడిదారీ దేశానికే ఈ అవసరం తెలిసొచ్చింది. ఇక్కడ కంప్యూటరు కూడా అక్కరలేదు. ఒక అట్ట మీద యాభై మందుల పేర్లూ, ధరలూ రాసి బల్ల మీద పెట్టుకుంటే చాలు.

ఒకే మందుకు పది ధరలు ఎందుకున్నాయన్నది ఇక్కడ చెప్పుకోవాలి. మందు ఒకటే. దాని మీద కంపెనీ వేసే పేరు వేరు. 1974లో కేంద్రం నియమించిన హాథీ కమిటీ 1975లో నివేదిక ఇచ్చింది. 117 అత్యవసర మందుల జాబితా కట్టి, బ్రాండు పేర్లను క్రమంగా ఎత్తివేయాలన్నది. అది అమలై వుంటే ఈనాడు ఈ సంపాదకీయం రాయవలసిన పని సగం తగ్గేది. కంపెనీలు ఊరుకోలేదు, ప్రభుత్వాలు గట్టిగా నిలబడలేదు. 1979 ఉత్తర్వులో 347 మూల మందులు ధరల అదుపులో వుంటే, 1995 నాటికి ఆ సంఖ్య 74కు దిగింది. సోవియట్ సహాయంతో లేచిన ఐడిపిఎల్ మన హైదరాబాదు బాలానగరులోనే చవకగా మందులు చేసేది. దాన్ని 1992లో ఖాయిలా సంస్థ అన్నారు. 2016 డిసెంబరులో మూసివేయాలని కేంద్ర మంత్రివర్గం తీర్మానించింది.

2013 ఉత్తర్వు వచ్చాక లెక్క కట్టే పద్ధతే మారింది. అంతకుముందు తయారీ ఖర్చు మీద ధర కట్టేవారు. ఇప్పుడు మార్కెట్లో ఒక శాతం, అంతకుమించి వాటా వున్న బ్రాండ్ల ధరల సగటు తీసి, షాపు లాభం 16 శాతం కలిపి గరిష్ఠ ధర అంటున్నారు. దొంగల సగటును ధర్మం అన్నట్టుంది ఇది. 2022 అత్యవసర మందుల జాబితాలో 384 మందులున్నాయి. వాటికి కూడా టోకు ధరల సూచిని బట్టి ఏటా పెంపు వుంటుంది. 2022లో 10.77 శాతం, 2023లో 12.12 శాతం పెంచుకోనిచ్చారు. ఏ జిల్లాలో కూలి రేటు ఆ లెక్కన దానంతటదే పెరిగిందో ఎవరైనా చెబితే వింటాం. జాబితాలో లేని మందుల సంగతైతే ఏటా పది శాతం దాకా కంపెనీ ఇష్టం. 2018లో ధరల నియంత్రణ సంస్థ ఢిల్లీ ప్రాంతపు నాలుగు ప్రైవేటు ఆసుపత్రుల బిల్లులు పరిశీలిస్తే కొన్ని సరుకుల మీద లాభం 1737 శాతం దాకా తేలింది.

అసలు పేరు రాయమంటే డాక్టర్ల సంఘాలు ఏమన్నాయో చూశాం. జాతీయ వైద్య కమిషను 2023 ఆగస్టు 2న నిబంధనలు ప్రకటించి, జెనెరిక్ పేర్లే రాయాలన్నది. గోల మొదలైంది. మూడు వారాలకే, ఆగస్టు 23న, వాటిని పక్కన పెట్టింది. చవక మందుల నాణ్యతకు హామీ లేదన్నది డాక్టర్ల వాదన. అందులో కొంత నిజం వుంది, కాదనం. నాసిరకం మందు పట్టుకోవడానికి ఇన్‌స్పెక్టర్లను పెంచమనండి, పరీక్షశాలలు పెట్టమనండి, మేమూ కలిసొస్తాం. ఖరీదైన బ్రాండు రాసి, ఖరీదు దాచిపెట్టడం నాణ్యతకు మందు కాదు. జన ఔషధి దుకాణాలు 2008 నుంచీ వున్నాయి. ధర సగానికి పైగా తక్కువని ప్రభుత్వమే చాటుతోంది. కానీ చీటీలో బ్రాండు పేరు వుంటే, షెడ్యూల్ హెచ్ మందుల్లో దాన్ని మార్చి వేరేది ఇచ్చే అధికారం షాపులోని ఫార్మసిస్టుకు లేదు. కాబట్టి తాళం మళ్ళీ డాక్టరు కలం దగ్గరే వుంది.

చట్టంలో ఇప్పటికే వున్నవి కొన్ని మనవాళ్ళకు తెలియవు. కంపెనీలు పంపే ధరల పట్టికను ప్రతి మందుల షాపులో అందరికీ కనబడేలా, అడిగినవాళ్ళు చూసుకునేలా పెట్టాలని 2013 ఉత్తర్వే చెబుతోంది. మీ ఊరి షాపులో ఎక్కడుందో చూడండి. పట్టీ మీద వేసేది గరిష్ఠ ధర, అంతకు తక్కువకు అమ్మడం నేరమేమీ కాదు. పది బిళ్ళల పట్టీలో రెండే కత్తిరించి ఇచ్చినా ఆ రెంటికి పడే ధరే తీసుకోవాలి. విడిగా అడిగావని రూపాయి ఎక్కువ వేయడం చట్ట విరుద్ధం. పది బిళ్ళలు ఒకేసారి కొనలేని మనిషికే ఈ రూపాయి ఎక్కువ పడుతోంది మరి. 2025 సెప్టెంబరు 22 నుంచి చాలా మందుల మీద జిఎస్టి 12 శాతం నుంచి 5కు దిగింది. ఏళ్ళ తరబడి ఒకే బిళ్ళ వాడేవాళ్ళు పాత బిల్లూ, కొత్త బిల్లూ పక్కపక్కన పెట్టి ఆ తగ్గింపు తమదాకా వచ్చిందో లేదో చూసుకోవాలి.

నర్సింగుహోము లోపలి షాపులోనే కొనాలన్న బెదిరింపు ఒకటుంది. అలాంటి నిర్బంధం ఏదీ లేదని కేంద్రమే సుప్రీంకోర్టులో చెప్పింది. ఆ కేసులో 2025 మార్చిలో తీర్పు వచ్చింది. కోర్టు తాను ఆదేశాలివ్వకుండా, విధానం చేసుకునే పని రాష్ట్రాలకు వదిలింది. మన రెండు రాష్ట్రాల ప్రభుత్వాలు ఆ పని చేయాలని గట్టిగా అడగాలి.

ఆరోగ్యశ్రీ వుంది కదా అని కొందరు అనవచ్చు. ఆసుపత్రిలో పడుకోబెట్టి ఆపరేషను చేస్తే ఆ కార్డు అక్కరకొస్తుంది. కూలోడి డబ్బు బొట్టుబొట్టుగా కారిపోయేది మాత్రం నెలనెలా కొనే బిళ్ళలకూ, జ్వరాలకూ రాసే చీటీలకూనూ. ప్రభుత్వ లెక్కల ప్రకారమే 2021-22లో దేశంలో వైద్యానికైన ప్రతి వంద రూపాయల్లో 39 రూపాయల పైచిలుకు జనం నేరుగా జేబులోంచి తీసినవి. తమిళనాడు 1994లో మందుల కొనుగోలుకు కార్పొరేషను పెట్టుకుంది. రాజస్థాన్ 2011 అక్టోబరు 2న ప్రభుత్వాసుపత్రుల్లో ఉచిత మందుల పథకం మొదలుపెట్టింది. మన పి.హెచ్.సి.ల్లోనూ మందు ఉచితమే. స్టాకు లేదని ‘‘బయట తెచ్చుకో’’ అంటూ చిన్న కాగితం చేతిలో పెట్టిన రోజునే అసలు బాధ. ఆ కాగితం మీద మందు అసలు పేరు, దాని ధర, ఎందుకు స్టాకు లేదన్న కారణం రాసి సంతకం పెట్టాలని అడుగుదాం. సంతకం పెట్టాల్సి వస్తే స్టాకు సంగతి పై అధికారులదాకా పోతుంది.

వ్యవసాయ కార్మిక సంఘాల గ్రామశాఖలు ఈ నెలలోనే చేయదగినవి వున్నాయి. బీపీ, షుగరు, కీళ్ళనొప్పులకు ఊళ్ళో వాడుతున్న మందుల చీటీలు, బిల్లులు సేకరించండి. ఒకే మందుకు ఎవరు ఎంత కడుతున్నారో గ్రామసభలో చదివి వినిపించండి. పేర్లు చదవకండి, జబ్బు సంగతి ఇంటిగుట్టు. డాక్టరు దగ్గరికి ఆడవాళ్ళు, ముసలివాళ్ళు పోయేటప్పుడు మాట్లాడగలిగే మనిషిని తోడు పంపండి. అడగాల్సినవి మూడే. ఈ చీటీకి ఎంతవుతుంది డాక్టరుగారూ? ఇందులో మానకూడనివి ఏవి? ఇంతకంటే చవకలో ఇదే పని చేసే మందు వుందా? కోపగించుకునే డాక్టరు వుండవచ్చు, కానీ చాలామంది అడిగితే చెబుతారు, కలం దిద్దుకుంటారు కూడా. ఊళ్ళో ఆర్.ఎం.పి. దగ్గర సూది వేయించుకునేవాళ్ళు కూడా సూదికెంత, మందుకెంత అని విడదీసి అడగాలి.

మండల కేంద్రంలో మెడికల్ ఆఫీసరుకూ, జిల్లాలో డ్రగ్ ఇన్‌స్పెక్టరుకూ ఇవ్వాల్సిన వినతిపత్రంలో రెండు కోర్కెలు చాలు. ప్రతి ప్రైవేటు ఆసుపత్రిలో రాసే చీటీ మీద మందు అసలు పేరు పక్కనే ధర వేయాలి. షాపుల్లో ధరల పట్టిక వుందో లేదో తనిఖీ చేసి, లేనిచోట ఏం చర్య తీసుకున్నారో రాతపూర్వకంగా తెలియజేయాలి. జవాబు రాకపోతే సమాచార హక్కు కింద దరఖాస్తు పెట్టండి. తెల్ల రేషను కార్డు వున్నవాళ్ళకు ఆ ఫీజు కూడా లేదు.