గాలి లెక్క

మా ఇంట్లో కారు బాగోగులు చూసేది నేను కాదు, దాని ఖర్చు మాత్రం నేనే చూస్తాను. ఏ రోజు ఎన్ని లీటర్లు పోయించాం, ఎన్ని కిలోమీటర్లు తిరిగాం అన్నది ఒక పాత డైరీలో రాసిపెడతాను. బి.కాం. చదివి ఇన్నేళ్ళు బ్యాంకులో పద్దులు చూసినవాడికి ఇదొక జబ్బు అంటుంది మా ఆవిడ. కాదనను. అయితే ఈసారి ఆ డైరీని నమ్ముకునే ఒక తప్పు చేశాను. ఆ తప్పును గురించీ, దాన్ని దిద్దిన ఒక ఇనప గొట్టం ముక్కను గురించీ ఈసారి చెబుతాను. మీలో టర్బో బండి ఉన్నవాళ్ళకు ఇది పనికొస్తుంది. లేనివాళ్ళు కథగా చదువుకోండి.

మేముండే యశ్వంతనగర్ బళ్ళారి జిల్లా సండూరు తాలూకాలో ఉంది. ఇది ఇనుప ఖనిజం గనుల సీమ. లారీలు తిరిగే దారుల్లో దుమ్ము ఎర్రగా లేస్తుంది. ఉదయం ఆరేసిన తెల్లపంచె సాయంత్రానికి కాషాయమవుతుంది. మా డీజిల్ కారుకు పదేళ్ళు నిండాయి. దాన్ని నడిపే కుర్రాడిది రాయదుర్గం వైపు పల్లె. 1953 అక్టోబరు 1న రాయదుర్గం, ఆదోని, ఆలూరు తాలూకాలు ఆంధ్రకు పోయాయి, బళ్ళారి మైసూరులో కలిసింది. హద్దు గీశారు గాని మాటలు హద్దు దగ్గర ఆగవు కదా. వాడి తెలుగులో కన్నడం, కన్నడంలో తెలుగు కలిసే ఉంటాయి.

లీటరుకు పదిహేను కిలోమీటర్లు ఇచ్చే బండి రెండు నెలల్లో పదకొండుకు దిగింది. డైరీ ముందేసుకుని కూర్చున్నాను. పోయించిన డీజిలుకు రశీదులున్నాయి. తిరిగిన దూరానికి మీటరుంది. మరి మధ్యలో తేడా ఎక్కడికి పోయినట్టు? క్యాష్ తగ్గితే ముందుగా చూపు పడేది క్యాషియరు మీదే. నేనూ అంతే చేశాను. పైకి ఒక్క మాట అనలేదు. ట్యాంకు మూత తాళంచెవి మాత్రం వాడి దగ్గర నుంచి తీసుకుని నా జేబులో వేసుకున్నాను. వాడూ ఏమీ అనలేదు. నాలుగు వారాల తర్వాత మా ఆవిడతో, “అమ్మగారూ, వచ్చే నెల మా ఊరికి పోదామనుకుంటాండా, సారుకు మీరే చెప్పండి” అన్నాడట.

ఆ వారమే కుమారస్వామి గుడికి బయల్దేరాం. కొండెక్కుతుంటే బండి ఆయాసపడింది. వెనక నల్లటి పొగ. కాలు నొక్కినప్పుడల్లా బానెట్ కింద ‘ఉస్స్’మని చప్పుడు. పట్నంలో ఒక షెడ్డులో చూపిస్తే, “టర్బో పోయింది, కొత్తది వేయాలి, యాభై వేల దాకా అవుతుంది” అన్నారు. తిరిగి వస్తుంటే కుర్రాడు మెల్లగా అన్నాడు: “సార్, టర్బో పోయిందో, గాలి పోతాండాదో ముందు చూద్దాం. లారీ షెడ్డులో నేను పన్జేసేటప్పుడు ఇట్లనే చూస్తాండ్రి.”

టర్బో అంటే ఏమిటో నాకూ అప్పుడే సరిగ్గా బోధపడింది. ఇంజనులో కాలిన పొగ బయటికి పోతూ ఒక చక్రాన్ని తిప్పుతుంది. అదే ఇరుసుకు రెండో కొసన ఉన్న ఇంకో చక్రం బయటి గాలిని లాగి, ఒత్తి, ఇంజనులోకి తోస్తుంది. స్విట్జర్లాండుకు చెందిన ఆల్ఫ్రెడ్ బ్యూకి అనే ఇంజనీరు 1905లోనే దీనికి పేటెంటు తీసుకున్నాడు. ఒత్తిన గాలి వేడెక్కుతుంది కాబట్టి, దాన్ని ఇంటర్‌కూలర్‌లో చల్లార్చి, రబ్బరు గొట్టాల గుండా ఇంజనుకు పంపుతారు. ఈ దారిలో ఎక్కడ చిల్లిపడినా ఒత్తిన గాలి బయటికి పోతుంది. మా బండిలాంటి వాటిలో గాలిని కొలిచే పరికరం టర్బోకు ముందే, ఫిల్టరు దగ్గర ఉంటుంది. లోపలికి వచ్చిన గాలిని అది జమ రాస్తుంది. ఆ జమ చూసి కంప్యూటరు డీజిలు ఖర్చు రాస్తుంది. దారిలో పోయిన గాలి సంగతి దానికి తెలియదు. గాలి చాలక డీజిలు పూర్తిగా కాలదు. అదే నల్లపొగ. బలం తగ్గిందని మనం ఇంకా నొక్కుతాం, డీజిలు ఇంకా తాగుతుంది.

ఇక పరికరం సంగతి. టర్బో మూతి ఎంత లావుందో దారంతో కొలిచి, అంతే లావున్న ఇనప గొట్టం జానెడులో సగం ముక్క పాతసామాను కొట్లో కొన్నాం. వెల్డింగు షాపులో ఒక కొసకు మూడు మిల్లీమీటర్ల రేకు అతికించి మూసేశారు. రెండో కొస జారకుండా చుట్టూ సన్నని గట్టు పోశారు. రేకు మధ్యలో పదకొండున్నర మిల్లీమీటర్ల రంధ్రం చేయించి, ట్యూబ్‌లెస్ టైరుకు వేసే రబ్బరు వాల్వును అందులోకి లాగాం. పాత రేడియేటరు గొట్టం ముక్క ఒకటి, బిగించే క్లిప్పులు రెండు. మొత్తం మూడు వందల నలభై రూపాయలు. డైరీలో రాశాను. ప్లాస్టిక్ నీళ్ళ గొట్టంతో ఇంకా చవకగా అవుతుందని నేనన్నాను. గాలి ఒత్తిడికి అది పగిలితే పెంకులు ఎగురుతాయని వాడు ఒప్పుకోలేదు. వాడే రైటు.

ఇంజను చల్లారాక, తాళంచెవి తీసేసి, టర్బోకు గాలి వచ్చే గొట్టం ఊడదీసి, ఆ మూతికి మా ముక్కను బిగించాం. గేజి ఉన్న కాలి పంపుతో మెల్లగా గాలి కొట్టాలి. టైరుకు ముప్పై పౌండ్లు కొట్టిస్తాం చూశారూ, దీనికి అంత పనికిరాదు. ముందు అయిదు, తర్వాత పది చాలు. బిగించిన ముక్కకు ఎదురుగా మొహం పెట్టకూడదు. ఊడితే తుపాకిగుండే. విప్పేముందు వాల్వు సూది నొక్కి గాలంతా వదిలేయాలి.

పంక్చరు షాపులో ట్యూబును నీళ్ళలో ముంచి బుడగలు చూస్తారు. కారును ముంచలేం గనక నీళ్ళనే కారు దగ్గరికి తేవాలి. సబ్బునీళ్ళు కుంచెతో ప్రతి అతుకుకూ రాశాం. ఆయిలు పోసే మూత దగ్గర సన్నగా చప్పుడు వినిపించింది. పిస్టను పక్కల నుంచి కొంత గాలి దిగడం మామూలే, అది లెక్కలోకి రాదు. ముల్లు మాత్రం అయిదు దాటలేదు. ఇంతలో ఇంటర్‌కూలర్ నుంచి ఇంజనుకు పోయే గొట్టం అడుగున తెల్లగా నురగ పొంగింది. గొట్టం ఒక ఇనప పట్టీకి రాసుకుని వేలెడు పొడుగున చీలింది. ఉత్తప్పుడు ఆ చీలిక మూసుకునే ఉంటుంది, ఒత్తిడి తగిలితేనే నోరు తెరుస్తుంది. అక్కడ జిడ్డుకు ఎర్రదుమ్ము అంటుకుని మరకకట్టి ఉంది. ఆ ఆనవాలు మొదటినుంచీ మా కళ్ళెదుటే ఉంది.

ఇంకొక్క మాట. ఈ పరీక్ష టర్బోకు తర్వాతి దారికే. ఫిల్టరుకూ టర్బోకూ మధ్య గొట్టం చీలితే గాలి బయటికి పోదు, దుమ్మే లోపలికి పోతుంది. అది టర్బో చక్రాన్ని అరగదీస్తుంది. మా ఊరిలాంటి చోట్ల ఆ గొట్టాన్ని విడిగా చేత్తో వంచి చూసుకోవాలి.

కొత్త గొట్టానికి రెండు వేలు దాటలేదు. బండి మళ్ళీ పద్నాలుగున్నర ఇస్తోంది.

ఆ రాత్రి డైరీ మళ్ళీ తిరగేశాను. తాళంచెవి నా జేబులో ఉన్న నాలుగు వారాల్లోనూ బండి ఇచ్చింది పదకొండే. అంటే వాడి తప్పు లేదని నా చేతిరాతే చెబుతూ ఉంది. అంకెలు రాశాను గాని చదవలేదు. బ్రాంచిలో ఎవరైనా ఇలా చేసి ఉంటే మెమో ఇచ్చేవాణ్ణి.

మర్నాడు తాళంచెవి వాడి చేతిలో పెట్టి, “నాదే పొరపాటు నాయనా” అన్నాను. వాడు తల వంచుకుని, “ఉండనీండి సార్” అన్నాడు. ఊరికి పోయే మాట మళ్ళీ ఎత్తలేదు. ఆ ఇనప ముక్క ఇప్పుడు వాడి సీటు కిందే ఉంటుంది. చుట్టుపక్కల ఎవరి బండి పొగ కక్కినా వచ్చి అడిగి తీసుకుపోతున్నారు.