సెంటు స్థలంలో పెరడెక్కడ?

ఇంటి పట్టా స్త్రీ పేరున ఉండాలన్నది మనం ఏళ్ళ తరబడి అడుగుతున్న మాటే. 2020 డిసెంబరు 25న మొదలైన ‘నవరత్నాలు – పేదలందరికీ ఇళ్ళు’ పథకంలో రాష్ట్రమంతటా దాదాపు 30 లక్షల పట్టాలు స్త్రీల పేరునే వచ్చాయి. మన అనకాపల్లి జిల్లాలోనే, సబ్బవరం మండలం పైడివాడ అగ్రహారంలో, 2022 ఏప్రిల్ 28న విశాఖ నగరంలోని పేద స్త్రీలకు పంపిణీ మొదలుపెట్టారు. సంతోషించాల్సిన విషయమే. కానీ పట్టా చేతికొచ్చాక ఇల్లెలా ఉండాలో చెప్పేది భవన నిబంధనలు. వాటిని మనం పెద్దగా పట్టించుకోలేదు.

పట్నంలో ఇచ్చింది ఒక సెంటు, అంటే 435 చదరపు అడుగులు. ప్రభుత్వ నమూనా ఇల్లు 340. మిగిలేది 95. రాష్ట్ర భవన నిబంధనలు (2017) యాభై చదరపు మీటర్లలోపు స్థలానికి ముందు మీటరున్నర వదిలితే చాలన్నాయి, పక్కలా వెనకా వదలనక్కరలేదు. ఇరవై అడుగుల ముఖం ఉన్న స్థలంలో ఆ మీటరున్నరే దాదాపు వంద అడుగులు. లెక్క కుదిరింది! కుదరనిది పెరడు. అంట్లు ఎక్కడ తోమాలి? బట్టలెక్కడ ఆరెయ్యాలి? మరుగుదొడ్డి గొయ్యి గుమ్మం ముందే తవ్వాలా? అటూ ఇటూ ఇళ్ళు లేస్తే పక్క గోడకు కిటికీ ఉండదు. మిషను కుట్టుకునే మనిషి పట్టపగలు దీపం వేసుకోవాలి. ఈ పనులన్నీ ఎవరివో ఆ నక్షా గీసినవారికి తెలియదనుకోవాలా?

2021 అక్టోబరులో హైకోర్టు ఏకసభ్య ధర్మాసనం ఇంత చిన్న స్థలం ఆరోగ్యకరం కాదంది. నిజమే. ఆ తీర్పే, స్త్రీలకు మాత్రమే పట్టాలివ్వడం వివక్ష అని కూడా అంది. అన్ని తరాలుగా మగవాళ్ళ పేరునే భూమి ఉన్నప్పుడు ఈ మాట ఎవరికీ తోచలేదు కాబోలు. తర్వాత డివిజన్ బెంచి ఆ తీర్పును రద్దు చేసింది. వివక్ష మాటతో పాటు ఇరుకు గురించిన మాట కూడా మరుగున పడింది.

ఇరుకును ముందే అడ్డుకోవలసింది స్థానిక సంస్థ. అనకాపల్లి మున్సిపాలిటీని 2013లో మహా విశాఖ నగరపాలక సంస్థలో కలిపారు. 2021 మార్చి దాకా ఆ సంస్థకు ఎన్నికైన పాలకవర్గమే లేదు. విశాఖ చుట్టుపక్కల మండలాల్లో ఇళ్ళ స్థలాల కోసం భూసమీకరణ 2020లోనే మొదలైంది. అంటే మన వార్డు నుంచి అడగడానికి ఒక్క సభ్యురాలు కూడా లేని రోజుల్లో. అధికారులు రాష్ట్ర పథకానికి తగ్గట్టు స్థలాలు కొలిచారు. ఎవరికీ పెరడు గుర్తు రాలేదు.

స్థలం చిన్నదైతే వరుసకొక ఉమ్మడి పెరడు, అక్కడో కుళాయి, తోముకునే గట్టు, చిన్న షెడ్డు ఉండాలని లేఅవుటు ఆమోదంలోనే షరతు పెట్టవచ్చు. 2025లో ప్రభుత్వం కొత్త పట్టాలకు పట్నంలో రెండు, పల్లెలో మూడు సెంట్లని నిర్ణయించింది. పెరిగిన ఆ సెంటు పెరడవుతుందో మరో గది అవుతుందో తేల్చేది నిబంధనలే. సెంటులో ఇల్లు కట్టేసుకున్నవాళ్ళ సంగతేమిటి?

సంఘాల్లోని అక్కచెల్లెళ్ళు మీ వార్డు సచివాలయానికి వెళ్ళి, ప్లానింగ్ కార్యదర్శిని మీ లేఅవుటు నక్షా చూపించమనండి. ఉమ్మడి స్థలమని గీసింది ఎక్కడుందో, ఇవాళ అక్కడేముందో చూసి మాకు రాయండి.